జామచెట్టు ఎవరిది?

నాటింది ఇంటాయన. నీళ్లు పోసింది ఇల్లాలు. కాయలు కోసుకునేది మాత్రం కోతులు! నిర్మల్ పాత ఊళ్లో ఏ పెరటి గోడ దగ్గర నిలబడ్డా ఇదే ఫిర్యాదు. కొండ మీది కోతి పెరట్లోకి ఎలా వచ్చింది? దాన్ని వెనక్కి పంపే దారి ఏదైనా ఉందా?

పొద్దున ఆరున్నర. నిర్మల్ పాత ఊళ్లో ఓ ఇరుకు సందు. వాకిట్లో చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. ముగ్గు సగంలోనే ఉంది. ఇంతలో పక్కింటి పెంకుల మీద దబదబమంటూ చప్పుడు. అంతే! ముగ్గు గిన్నె అక్కడే వదిలేసి ఆ ఇంటి పెద్దావిడ లోపలికి పరుగెత్తింది. ముందు వంటింటి తలుపు. తర్వాత కిటికీ. ఆ తర్వాత పెరటి గుమ్మం. మూడు గొళ్లేలూ పడ్డాకే ఊపిరి పీల్చుకుంది.

"అచ్చినయ్ బిడ్డా... ఇగ గంట దాకా బయటికెల్లుడు లేదు" అంది మనవరాలితో.

ఆవిడకు అరవై దాటి చాలా ఏళ్లయింది. సందులో చిన్నాపెద్దా అందరికీ 'పెద్దమ్మే'. కిటికీ చువ్వల్లోంచి చూస్తే పెరడంతా కోతులే. ఇరవైకి తక్కువుండవు. ముందు పిల్లకోతులు దిగాయి. వెనకాలే పిల్లల్ని కడుపుకు కరిపించుకున్న తల్లులు. పెద్ద మగకోతి ఒకటి గోడ మీద కూర్చుని కాపలా కాస్తోంది. ఒకటి బీరపాదును లాగి పందిరి మీంచి కింద పడేసింది. ఇంకొకటి నీళ్ల తొట్టి మూత తీసి తొంగి చూసింది. మిగిలినవన్నీ జామచెట్టెక్కాయి. ఒక కాయ తెంపడం, ఒక కొరుకు కొరకడం, పారెయ్యడం. మళ్లీ ఇంకో కాయ.

"తింటె తిననియ్. ఆకలికి తినేదాన్ని ఎవరొద్దంటరు? కొరుకుడు, పారేసుడు... గదే పానానికి బాధనిపిస్తది" అని పెద్దమ్మ గొణుక్కుంది.

గంట తర్వాత గుంపు కదిలింది. పెరట్లో మిగిలింది రాలిన పిందెలు, విరిగిన కొమ్మలు, ఒకటి పగిలిన పెంకు. పెద్దమ్మ చీపురు పట్టుకుని అన్నీ ఒకచోటికి ఊడ్చింది. పనికొచ్చే కాయలు ఏరితే అయిదో ఆరో తేలాయి.

ఆ చెట్టు వయసు ముప్పై ఏళ్ల పైమాటే. పెద్దమ్మ భర్త ఈ ఇల్లు బాగుచేయించిన ఏడాది తన చేత్తో నాటాడట. ఆయన పోయి చాలా కాలమైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "కొట్టించెయ్యమ్మా. చెట్టు లేకుంటే కోతులే రావు. నువ్వు ఆ పెంకుల కింద ఒక్కదానివే ఉంటవ్. ఎప్పుడన్నా మీద పడి కరిస్తే ఎట్ల?" కొడుకు మాటలో తప్పు లేదు. కట్టెలు కొట్టే మనిషికి కబురు కూడా వెళ్లింది. ఆదివారం వస్తానన్నాడు.

చెట్టు ఉండాలా, పోవాలా? ఈ ప్రశ్న ఒక్క పెద్దమ్మదే కాదు. ఆ సందులో ఇప్పటికే రెండు బొప్పాయి చెట్లు, ఒక దానిమ్మ, ఒక సపోటా పోయాయి. ఒకప్పుడు ఏ ఇంటి వెనక చూసినా చిక్కుడు పందిరి, ఆనపపాదు కనిపించిన చోట ఇప్పుడు సిమెంటు గచ్చు మెరుస్తోంది.

కోతి ముట్టని జామకాయ

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ నెంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, సోన్ దగ్గర గోదావరి వంతెన దాటితే నిర్మల్ వస్తుంది. నిన్నమొన్నటిదాకా ఆదిలాబాద్ జిల్లాలో భాగం. 2016 అక్టోబరు 11న సొంతంగా జిల్లా అయింది. పాత కోటలు, చెరువులు, చుట్టూ కొండలు. వీటన్నిటికన్నా ముందు గుర్తొచ్చేవి మాత్రం కొయ్యబొమ్మలే.

నిర్మల్ బొమ్మకు ప్రాణం పొణికి కర్ర. తేలిగ్గా ఉంటుంది, ఉలికి మెత్తగా ఒదుగుతుంది. చెక్కిన ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, నునుపు చేసి, రంగులు అద్దుతారు. కూరగాయలు, పండ్లు, పక్షులు, జంతువులు... ఏది చేసినా ముట్టుకుని చూస్తే తప్ప కొయ్య అని నమ్మలేం. అమ్మకానికి పెట్టిన జామకాయల్ని చూస్తే కొరకాలనిపిస్తుంది. 'మా ఊళ్లో కోతి ముట్టని జామకాయ ఇదొక్కటే' అని అక్కడివాళ్లు నవ్వుతారు. పెద్దమ్మ భర్త కూడా కొంతకాలం ఈ బొమ్మలకు రంగులు వేసినవాడే.

నవ్వులాటకు అన్నా ఆ మాటలో ఓ నిజం ఉంది. పొణికి చెట్టు పెరిగేదీ ఈ చుట్టుపక్కల అడవుల్లోనే. కర్ర కోసం కళాకారులు ఏటికేడాది ఇంకా దూరం వెతుక్కోవాల్సి వస్తోంది. తిండి కోసం కోతి ఊరి వైపు వస్తోంది. అడవి పల్చబడితే ముందుగా తెలిసేది ఈ ఇద్దరికే!

ఘాటు మీద దానం

నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు పాత రోడ్డు పట్టుకుంటే కాసేపటికి మహబూబ్ ఘాట్ మొదలవుతుంది. పేరులోనే నిజాముల కాలం వినిపించే దారి. వానాకాలంలో వెళ్తే రెండు కళ్లూ చాలవు. మలుపు మలుపుకూ పచ్చటి లోయలు, కొండ మీంచి కిందికి జారే పొగమంచు. ఫొటోల కోసం బళ్లు ఆపేవాళ్లు, ఘాటు చూడ్డానికే బయల్దేరి వచ్చేవాళ్లు ఎక్కువే.

ఆ బళ్ల కోసమే పిట్టగోడల మీద కోతులు బారులు తీరి కూర్చుంటాయి. కారు ఆగుతుంది. అద్దం దిగుతుంది. అరటిపండ్ల గెల బయటికొస్తుంది. మరమరాలు, బిస్కట్లు, పల్లీలు, చివరికి చిప్స్ ప్యాకెట్లు. పిల్లలు చప్పట్లు కొడతారు. పెద్దలు 'ఆంజనేయస్వామికి పెట్టినట్టే' అని చేతులు జోడిస్తారు. అయిదు నిమిషాల్లో కారు వెళ్లిపోతుంది. ఆ అయిదు నిమిషాల్లో కోతికి దొరికింది మాత్రం రోజంతా తిరిగినా అడవిలో దొరకని తిండి.

కోతికి దవడల లోపల రెండు సంచులుంటాయి. పోటీ ఎక్కువున్న చోట గబగబా వాటిలో కుక్కుకుని, పక్కకు వెళ్లి తీరిగ్గా నములుతుంది. అడవిలో ఉంటే ఒక్కో పండు, ఒక్కో చిగురు, ఒక్కో పురుగు వెతుక్కుంటూ పగలంతా తిరగాలి. రోడ్డు పక్కన ఆ కష్టం లేదు. తేలికైన తిండి దొరికిన కోతి త్వరగా ఈడుకొస్తుంది. పుట్టిన పిల్లల్లో ఎక్కువ బతుకుతాయి. గుంపు పెరుగుతుంది. పెరిగిన గుంపుకు ఘాటు మీది దానం సరిపోదు. అప్పుడు కిందికి చూస్తే... పెంకుటిళ్లు, పెరళ్లు, జామచెట్లు!

ఇంకో సంగతి. మనిషి చేతిలో తిండి ఉంటుందని ఒక్కసారి నేర్చుకున్న కోతి ఆ పాఠం మర్చిపోదు. సంచి కనిపిస్తే లాగుతుంది. ఇవ్వకపోతే పళ్లు చూపిస్తుంది. బిడ్డ తల్లిని చూసి నేర్చుకుంటుంది. ఘాటు మీద పుట్టిన పిల్లకు అడవిలో ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో తెలియదు. ఏ కారు ఆగుతుందో తెలుసు.

'కోతులకు తినుబండారాలు వేయవద్దు' అని ఘాటు రోడ్లలో బోర్డులు పెడతారు. అరటిపండు తిన్నాక తొక్క ఆ బోర్డు కిందే పడేసేవాళ్లూ ఉన్నారు. శనివారం పండు పెట్టిన చెయ్యే ఆదివారం రాయి విసురుతుంది. తెలంగాణ పల్లెల్లో కోతి చనిపోతే డప్పులతో, భజనలతో ఊరేగించి అంత్యక్రియలు చేస్తారు. ఆ ఊళ్లోనే మర్నాడు కోతులు పట్టేవాళ్ల కోసం చందాలూ వేసుకుంటారు. భక్తీ నిజమే, బాధా నిజమే.

అడవిలో ఏముందని?

'కోతులు ఊళ్లోకి ఎందుకొచ్చాయి?' అంటే ఎవరైనా చెప్పే జవాబు ఒకటే... అడవి లేక. నిర్మల్ విషయంలో ఇది సగం నిజం. చుట్టూ అడవి ఇంకా ఉంది. కానీ ఉన్నదాంట్లో ఎక్కువ టేకు. టేకు మనిషికి తలుపు అవుతుంది, మంచం అవుతుంది. కోతికి పూట తిండి కాదు. కోతికి కావాల్సినవి మర్రి, రావి, మేడి, నేరేడు, తునికి, మొర్రి, రేగు. పైగా ఇది ఆకురాల్చే అడవి. ఎండాకాలం వచ్చేసరికి కొండలు మోడువారతాయి. వాగులు ఎండుతాయి. అప్పుడు పచ్చగా కనిపించేదీ, నీళ్లు దొరికేదీ మనిషి పెరట్లోనే.

రోడ్ల వెంట ఒకప్పుడు మర్రి, చింత, రావి చెట్లు గొడుగులా కమ్ముకుని ఉండేవి. దారులు వెడల్పు చేసినప్పుడు అవి పోయాయి. వాటి స్థానంలో వచ్చిన పూల మొక్కలు కంటికి ఇంపు. కడుపుకు మాత్రం కాదు.

గోదావరికి సంబంధించిన ఓ ముచ్చట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మన దగ్గర ఊళ్లమీద పడే కోతులు ప్రధానంగా రెండు రకాలు. తల మీద పాపిడి తీసి దువ్వినట్టు జుట్టు, పొడవాటి తోక ఉండేది ఒకటి. దీన్ని టోపీ కోతి అంటారు. ఇది దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. రెండోది ఎర్రమూతి కోతి. తోక పొట్టిగా, వెనక భాగం ఎర్రగా ఉంటుంది. ఇది ఉత్తరాది జాతి. తూర్పు వైపు గోదావరి పరిసరాలే ఈ రెంటికీ సరిహద్దు అని జంతుశాస్త్రవేత్తలు చెప్పేవారు. ఆ గీత ఇప్పుడు చెరిగిపోయింది. ఎర్రమూతి కోతి నది దాటి దక్షిణానికి పాకుతోంది. టోపీ కోతి చోటు కోల్పోతోంది. ఒక ఊళ్లో పట్టి ఇంకోచోట వదిలే మనిషి అలవాటుకు కూడా ఇందులో పాత్ర ఉంది.

చట్టం కూడా రెంటినీ ఒకే కళ్లతో చూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో ఎర్రమూతి కోతిని రక్షిత జాబితాల నుంచి తీసేశారు. టోపీ కోతికి రక్షణ కొనసాగుతోంది. పెంకుల మీద దూకేటప్పుడు ఏది ఏదో పోల్చుకునే తీరిక ఎవరికుంటుంది!

ఎలుగుబంటి వేషం... రోజుకు 500

కోతిని భయపెట్టడానికి మనిషి చేయని ప్రయత్నం లేదు. డబ్బాలు మోగించడం, వడిసెల, గులేరు పాత పద్ధతులు. తర్వాత పటాకులు వచ్చాయి. కొండముచ్చును తెచ్చి కట్టేస్తే కోతులు రావన్నది చాలాకాలం నడిచింది. కొండముచ్చు కూడా రక్షిత జంతువే కాబట్టి దాన్ని బంధించడం నేరం. ఢిల్లీలో కొండముచ్చులను ఇలాగే వాడి, చివరికి ఆపేయాల్సి వచ్చింది. వాటిలా అరుస్తూ కోతుల్ని తరమడానికి 40 మంది యువకులకు శిక్షణ ఇచ్చామని 2014లో అప్పటి కేంద్రమంత్రి వెంకయ్యనాయుడు రాజ్యసభకు చెప్పినప్పుడు దేశమంతా నవ్వుకుంది. 2023లో జీ-20 సదస్సు జరిగినప్పుడు అదే ఢిల్లీలో కొండముచ్చుల కటౌట్లు నిలబెట్టారు.

మన దగ్గరా తక్కువేం కాదు. 2022లో సిద్దిపేట జిల్లా కోహెడ ప్రాంతంలో ఓ రైతు పొలంలోకి ఎలుగుబంటిని దింపాడు. నిజం ఎలుగుబంటి కాదు, ఆ వేషం వేసుకున్న మనిషి! రోజుకు 500 రూపాయల కూలి. అంతకుముందు 2019లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో ఒక రైతు తన పెంపుడు కుక్కకు పులిచారలు దిద్ది తోటలో తిప్పాడు.

ఇవన్నీ కొన్నాళ్లు పనిచేస్తాయి. కోతి తెలివైంది. కటౌటు కదలదని నాలుగు రోజుల్లో కనిపెడుతుంది. అయిదో రోజు దాని నెత్తి మీదే కూర్చుంటుంది. స్పీకరులో పులి గాండ్రింపు వినిపించినా అంతే. గొంతు ఉంది గానీ పులి లేదని తెలిసిపోతుంది.

అన్నిటికన్నా భయపెట్టేది ప్లాస్టిక్ గొట్టంతో తయారుచేసే కార్బైడ్ తుపాకీ. నీళ్లు తగిలితే వచ్చే వాయువును అంటించి పెద్ద చప్పుడు చేస్తారు. కోతులు పారిపోతాయి, నిజమే. కానీ 2025 దీపావళికి ఇలాంటి వాటితో ఆడుకుని మధ్యప్రదేశ్‌లో ఎందరో పిల్లలు కళ్లు పోగొట్టుకునే పరిస్థితి తెచ్చుకున్నారు. కంచెకు నేరుగా ఇంటి కరెంటు ఇవ్వడం ఇంకా ఘోరం. కోతి కోసం పెట్టిన తీగ మనిషిని చంపిన సంఘటనలు మన పల్లెలకు కొత్త కాదు.

ఇక పట్టించి దూరంగా వదిలేయడం. తలకు ఇంతని డబ్బు తీసుకుని, బోన్లు పెట్టి పట్టేవాళ్లున్నారు. రాత్రికి రాత్రి తీసుకెళ్లి ఎక్కడో వదులుతారు. ఆ 'ఎక్కడో' ఇంకో ఊరి పొలిమేర అవుతుంది. మీ ఊరివి మా ఊళ్లో, మా ఊరివి మీ ఊళ్లో! పైగా ఆడకోతులు పుట్టిన గుంపులోనే బతుకంతా ఉంటాయి. గుంపులో సగాన్ని పట్టుకెళ్తే మిగిలిన సగం మళ్లీ పెరుగుతుంది. మొత్తం పట్టుకెళ్తే ఖాళీ అయిన చోటికి పక్క గుంపు వస్తుంది. ఎందుకంటే జామచెట్టు అక్కడే ఉంది కదా.

ఆపరేషన్ చేస్తే?

'వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె'. 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇచ్చిన ఈ నినాదం ఊరూరా గోడలకెక్కింది. కోతులు వాపస్ పోవాలంటే అడవిలో పండ్ల చెట్లు ఉండాలన్నది అందులోని ఆలోచన. అడవుల అంచుల్లో పండ్ల మొక్కలతో 'మంకీ ఫుడ్ కోర్టులు' పెంచే పథకమూ ఆ దారిలోనిదే. మర్రి, మేడి నాటితే కాయడానికి ఏళ్లు పడుతుంది. కోతికి ఆకలి ఇవాళే వేస్తుంది.

రెండో దారి కుటుంబ నియంత్రణ. 2020 డిసెంబరు 20న నిర్మల్ సమీపంలోని చించోలి (బి) దగ్గర, గండి రామన్న హరితవనంలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని ప్రారంభించారు. హిమాచల్‌ప్రదేశ్ తర్వాత ఇలాంటిది దేశంలో ఇదేనని అప్పుడు ప్రకటించారు. పట్టి తెచ్చిన కోతులకు ఇక్కడ పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, కోలుకున్నాక వదిలిపెట్టాలన్నది ఉద్దేశం.

హిమాచల్ ఈ పని 2007 ప్రాంతంలోనే మొదలుపెట్టింది. లక్షన్నరకు పైగా కోతులకు ఆపరేషన్లు చేసింది. అయినా 2016లో సిమ్లా నగర పరిధిలో కోతుల్ని హానికర జంతువులుగా ప్రకటించి చంపడానికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. చంపడానికి ముందుకొచ్చినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కోతి మీద చెయ్యెత్తడం అంత తేలిక కాదు, అక్కడైనా ఇక్కడైనా.

ఆపరేషన్ వృథా అని దీని అర్థం కాదు. ఆడకోతి అయిదున్నర నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. కాబట్టి గుంపులో ఎక్కువ ఆడకోతులకు వరసగా కొన్నేళ్లు చేస్తేనే లెక్క తగ్గుతుంది. పదింటికి చేసి తొంభై వదిలేస్తే తేడా కనిపించదు. ఇంకో చిక్కు... ఆపరేషన్ అయిన కోతికి పిల్లలు పుట్టవు గానీ, ఆకలి తగ్గదు. అది రేపు పొద్దున మళ్లీ జామచెట్టెక్కుతుంది.

2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు రోడ్లు, నీళ్లతో పాటు కోతుల బెడద తీరుస్తామన్న హామీ కూడా చాలా ఊళ్లలో వినిపించింది. ఓటడగడానికి వచ్చినవాళ్లకు జనం ముందుగా చూపించింది పగిలిన పెంకుల్నే!

పంజరంలో పెరడు

పథకాలు ఫలించేదాకా ఇల్లాళ్లు ఊరుకోలేరు కదా. ఎవరి దారి వారు వెతుక్కున్నారు. పెద్దమ్మ సందులోనే నాలుగో ఇంట్లో ఓ కోడలు పెరట్లో ఇనుప గొట్టాలతో గదిలాంటిది కట్టించి, చుట్టూ పైనా జాలీ కొట్టించింది. లోపల టమాటా, వంకాయ, బెండ, నాలుగు మడుల ఆకుకూర. "ఎనకట జంతువులను బోన్ల పెట్టేటోల్లు అత్తమ్మా... ఇప్పుడు తోటకూరను పెడుతున్నం" అంటుంది నవ్వుతూ. ఖర్చు కాస్త ఎక్కువే. అయితే ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. జాలీ కన్ను కోతి చెయ్యి పట్టనంత సన్నగా ఉండాలి. మామూలు గొళ్లెం పనికిరాదు, కోతి తీసేస్తుంది. తాళమో, బోల్టో ఉండాల్సిందే. పచ్చ వలలు, చేపల వలలు ఒక్క వారం ముచ్చటే.

జాలీకి స్థోమత లేనివాళ్లు పంట మార్చారు. పసుపు, అల్లం, కంద, చేమ, కాకర, కరివేపాకు, పుదీనాల జోలికి కోతులు తక్కువగా వస్తాయని పెంచేవాళ్ల అనుభవం. తినకపోయినా ఆటకు పీకి పారేసే రోజులుంటాయి. పల్లెల్లో రైతులు చేస్తున్నదీ ఇదే. పల్లి, మక్క, కూరగాయలు మానేసి కోతి తినని పత్తి వైపు పోతున్నారు. ఊరి పంట ఏమిటో కోతి నిర్ణయిస్తోందన్నమాట!

పండ్ల చెట్లున్నవాళ్లు నేర్చుకున్న కిటుకు వేరు. జామకాయ పండేదాకా ఆగితే అది మనది కాదు. దోరగా ఉన్నప్పుడే కోసేయాలి. ఇంటి కప్పుకో, పక్క గోడకో ఆనుకున్న కొమ్మలు తీసేయాలి. కోతి చెట్టు మీదికి ఎక్కువగా కప్పు మీంచే వస్తుంది. రాలిన కాయను ఏ పూటకాపూట ఎత్తేయాలి. చెత్తబుట్టకు గట్టి మూత ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, సందు మొత్తం ఒక్కమాట మీద ఉండాలి. తొమ్మిది ఇళ్లు మూతలు పెట్టుకుని పదో ఇల్లు గోడ మీద రొట్టెముక్క పెడితే గుంపు పదిళ్లకూ వస్తుంది.

కోతి ఎదురుపడితే ఎలా ఉండాలో పెద్దమ్మ మనవరాలికి కూడా తెలుసు. కళ్లలోకి చూడకూడదు. పళ్లు కనిపించేలా నవ్వకూడదు. పరుగెత్తకూడదు. చేతిలో తిండి ఉంటే దాచే ప్రయత్నం చేయకుండా వదిలేయాలి. కర్రతో నేల మీద కొడుతూ మెల్లగా వెనక్కి జరగాలి. పిల్లకోతికీ తల్లికీ మధ్యలోకి అస్సలు వెళ్లకూడదు. మేడ మీద ఒంటరిగా ఉన్నప్పుడు తరమబోయి, బెదిరి కింద పడ్డవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో పావుగంట సేపు ధారగా పడే నీళ్ల కింద కడిగి, ఆసుపత్రికి వెళ్లి కుక్కకాటుకు వేసే టీకాలే వేయించుకోవాలి. 'గీరిందే కదా' అని ఊరుకోకూడదు.

పెరటికి అతిథులు కోతులొక్కటే కాదు. చీకటి పడితే జామపండు వాసనకు గబ్బిలాలు దిగుతాయి. అవి తిన్నది కొంత, విత్తనాలు నాలుగు దిక్కులా చల్లేది కొంత. చేమదుంపల కోసం పందికొక్కులు మట్టి తవ్వుతాయి. వాటి వాసన పట్టుకుని జెర్రిపోతు వస్తుంది. విషం లేని పాము. దాన్ని కొడితే పందికొక్కులు రెట్టింపవుతాయి. చిలుకలు పొద్దున్నే వచ్చి మిరపకాయలు కొరికి పోతాయి. వీటి మీద మాత్రం పెద్దమ్మకు కోపం లేదు. "గవి తినేదెంత, పోయేదెంత! ఎవల వాటా వాల్లు తిని పోతరు. కోతి గట్ల కాదు, అంతా నాదే అంటది. అచ్చం మన లెక్కనే!"

గొడ్డలి వచ్చిన రోజు

ఆదివారం రానే వచ్చింది. కట్టెలు కొట్టే మనిషి గొడ్డలి, తాడు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఎటు పడగొట్టాలె పెద్దమ్మా?" అని అడిగాడు.

పెద్దమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. మొదలు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత పైకి చూసి, ఇంటి పెంకుల మీదికి వాలిన పెద్ద కొమ్మను చూపించింది. "గదొక్కటి తియ్. అటు గోడ మీదికి పోయినయ్ రెండు తియ్. మిగిలింది ఉండనియ్."

గంటలో పని అయిపోయింది. చెట్టు ఒక పక్క బోసిపోయింది. నరికిన కొమ్మలకున్న దోరకాయలన్నీ కోసి, మనవరాలి చేత సందులో ఇంటింటికీ పంపించింది. సాయంత్రం కొడుకు ఫోన్ చేశాడు. "కొట్టిచ్చినవా అమ్మా?" అంటే, "కొట్టిచ్చిన" అంది. ఎంత కొట్టించిందో ఆవిడా చెప్పలేదు, అతనూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకే పెంకుల మీద చప్పుడు. గుంపు అలవాటుగా వచ్చి పెంకుల కొసన ఆగింది. నిన్నటిదాకా ఉన్న కొమ్మ లేదు. పెద్ద మగకోతి అటూ ఇటూ నడిచింది. దూకితే అందుతుందా అని ఓసారి ముందుకు వంగి చూసింది. కిటికీ చువ్వల వెనక పెద్దమ్మ ఊపిరి బిగబట్టింది. రెండు నిమిషాలు గడిచాయి. ఓ పిల్లకోతి కిందికి దిగి, మొదలు పట్టుకుని ఎక్కబోయింది. మనవరాలు లోపలి నుంచి పళ్లెం మీద గరిటెతో గట్టిగా కొట్టింది. పిల్ల చటుక్కున తల్లి దగ్గరికి పోయింది. గుంపు కదిలింది.

గెలిచామని ఎవరూ అనుకోలేదు. రేపు మళ్లీ వస్తాయి. ఇంకో దారి వెతుక్కుంటాయి. ఇవాళ్టికి మాత్రం పక్క సందు వైపు వెళ్లాయి. అక్కడెవరో డబ్బా మోగించడం వినిపించింది. మరికాసేపటికి గుంపు ఊరు దాటి కొండ వైపు సాగిపోయింది.

పెద్దమ్మ మూడు గొళ్లేలూ తీసి వాకిట్లోకొచ్చి, సగంలో ఆగిన ముగ్గు పూర్తి చేయసాగింది. ఎండ ఎక్కుతోంది. మహబూబ్ ఘాట్ మీద ఆ రోజు మొదటి కారు ఆగే వేళయింది.